ఊగే బల్ల మీద అడవి దారి

మొన్న మా ఇంటి వెనక ద్వారబంధం వదులైతే వడ్రంగిని పిలిపించాను. అతను దాని కింద చిన్న చెక్క చీలిక పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. మొదటి దెబ్బ బోలుగా వినిపించింది, రెండోది గట్టిగా. వానకు తడిసిన మద్దికట్టె వాసన ఇల్లంతా పరుచుకుంది. పక్కగదిలో కూర్చుని ఏదో రాసుకుంటున్న నా ఎడమ మోకాలు నన్నడగకుండానే ముడుచుకుంది. ఇరవై ఏళ్లు దాటినా దానికి ఆ చప్పుడు గుర్తుంది.

బూర్గంపాడులో ఒక వానాకాలపు ఉదయం నేను నిలబెట్టిన సైకిలు మీద నుంచి కింద పడ్డాను. ఆ సైకిలు ఎక్కడికీ పోవడం లేదు. దాని వెనక చక్రం ఒక ఇనుప స్టాండులో బిగించి ఉంది. స్టాండు ఒక చెక్కబల్ల మీద ఉంది. బల్ల కొమరయ్య మామ ఇంటి వసారాలో ఉంది. అటూ ఇటూ మెల్లగా ఊగవలసిన ఆ బల్ల ఎడమకు వాలి, మళ్లీ లేవలేదు. సైకిలుతో సహా ఎడమ మోకాలి మీదే పడ్డాను. అప్పటికి ఆ మోకాలికి కట్టు విప్పి నెలన్నర. వంటింట్లోంచి నర్సమ్మత్త "అయ్యో బిడ్డా" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆమె భర్త కొమరయ్య మామ మాత్రం గడపలోనే నిలబడి బల్ల కుడి అంచు కిందికి చూస్తూ ఉండిపోయాడు. అక్కడ రెండు చీలికలు దిగగొట్టి ఉన్నాయి. కొట్టింది ఆయనే. ముందురోజు సాయంత్రం గోడ అవతల ఆ దెబ్బలు నేను విన్నాను కూడా. ఏదో సరిచేస్తున్నాడనుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. నేనొక దినపత్రికకు బూర్గంపాడు నుంచి వార్తలు రాసేవాణ్ని. మాది ఎర్రుపాలెం దగ్గర పల్లె, పొలాలు తప్ప అడవి తెలియని మనిషిని. వచ్చిన కొత్తలోనే ఒక సంగతి అర్థమైంది. మోటారుసైకిలు చప్పుడు వినబడితే చాలు, అడవి పల్లెల్లో మగవాళ్లు పెరటిదారిన వెళ్లిపోయేవారు. వచ్చేది ఎవరో, ఎందుకో తెలియని రోజులు. సైకిలు మీద వెళితే ఎవరూ లేచిపోయేవారు కాదు. చక్రంలో ఊచలు తిరిగే చప్పుడుకు కుక్కలు కూడా పెద్దగా మొరిగేవి కావు. అలా నా ఉద్యోగమంతా ఒక పాత నల్ల సైకిలు మీద నడిచేది. ఆ ఎండాకాలం చివర, తునికాకు ఆరబెట్టే కల్లం చూసి తిరిగొస్తూ వాగు మీద పరిచిన దుంగల సందులో ముందుచక్రం ఇరుక్కుని పడ్డాను. మోకాలి లోపల కీలును పట్టి ఉంచే నరం చిట్లిందన్నారు. కట్టు విప్పాక ఖమ్మం డాక్టరు ఒకటే మాట చెప్పాడు. నిలబెట్టిన సైకిలు రోజూ అరగంట తొక్కాలి, లేకపోతే కాలు ఇలాగే బిగుసుకుపోతుంది. అదే వారం ఖమ్మం డెస్కు నుంచి పెద్దాయన ఫోన్ చేశారు. "దసరా దాకా ఆగుతాం. వాగులు తగ్గాక కూడా నువ్వు ఊళ్లకు పోలేకపోతే ఇంకొకరిని పెట్టుకోక తప్పదు. నీకు తెలియనిదేముంది" అన్నారు. ఆ మాట మెత్తగా చెప్పినందుకు నాకింకా భయం వేసింది.

నేను కిరాయికున్న గదికీ కొమరయ్య మామ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆయన బొగ్గుగనిలో టింబర్‌మన్‌గా పనిచేసి దిగిపోయాడు. భూమిలోపల బొగ్గు తవ్విన చోట కప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టడం, దిమ్మెకూ కప్పుకూ మధ్య సందు లేకుండా చీలికలు కొట్టి బిగించడం ఆ పని. చీలికను వాళ్లు వెడ్జి అంటారు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. తల ఎప్పుడూ కొంచెం పక్కకు వంచి, కుడిచెవితో ఏదో వింటున్నట్టుండేవాడు. ఎవరింటికి వెళ్లినా కూర్చోబోయే ముందు చేతికర్రతో దూలాన్ని ఓసారి తట్టేవాడు. నా గదికి మొదటిసారి వచ్చినప్పుడు అలాగే తట్టి, "పర్వాలే, ఇంకో పదేండ్లు పండుకో" అన్నాడు.

"ఎలా తెలుస్తుంది మామా?"

"ఇనుప దిమ్మె చెప్పకుండ సంపుతది. కట్టె గట్ల గాదు. ఇరిగే ముందు మాట్లాడతది. మనం నోరు మూసుకుంటే ఇనబడతది."

కదిలే వస్తువంటే మాత్రం ఆయనకు పడదు. ఉయ్యాల ఎక్కడు, పడవ ఎక్కడు. బస్సులో సీటున్నా నిలబడి, కమ్మీని రెండు చేతులా పట్టుకుని ప్రయాణించేవాడు. నన్ను మొదట్లో "పేపరాయన" అని పిలిచేవాడు. చదువు రాదు కాబట్టి నా వార్త నాచేతనే చదివించుకునేవాడు. అంతా విని, తల పక్కకు వంచి, "ఇదంత ఎస్సై జెప్పింది గద. నువ్వు జూసింది ఏడుంది?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. అంతవరకు డెస్కులో ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది.

భద్రాచలంలో ఒక వెల్డింగు షాపులో చేయించిన ఇనుప స్టాండు తెచ్చి, చోటున్నది వాళ్ల వసారాలోనే కాబట్టి అక్కడ పెట్టుకున్నాను. వెనక చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తిపట్టే స్టాండు, చక్రానికి ఒరుసుకుంటూ తిరిగే చిన్న రోలరు. తొక్కితే పనిచేసింది. కానీ నాలుగు రోజులకే మోకాలు వేడెక్కి, నడుము పట్టేసింది. కొమరయ్య మామ పీట మీద కూర్చుని రెండు రోజులు చూశాడు. మూడో రోజు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆగు. నువ్వు కుడికాలు తొక్కితె కుడికి ఒరుగుతున్నవ్. సైకిల్ రానంటున్నది. నడ్మ నలిగేది నీ మోకాలు. దాన్ని కట్టేసి కొడుతున్నవ్ నువ్వు."

"మరి ఏం చేద్దాం మామా?"

"ఏం జేస్తం. దాన్ని గూడ ఊగనియ్యాలె." ఆ మాట అన్నాక ఆయన ముఖంలో చేదు మింగినట్టు ఒక మార్పు వచ్చింది. "నా జిందగీల ఊగెటిది ఏదీ జెయ్యలే నేను."

రెండు రోజులు సైకిలు చుట్టూ తిరిగాడు. మూడో రోజు నల్లమద్ది చెక్కలు దించుకున్నాడు. కింద ఒక చట్రం, పైన సైకిలు పట్టేంత బల్ల. రెండింటి నడుమ పొడవునా ఒక ఇనుప కడ్డీ. దాని రెండు కొసలూ తిరగడానికి మూలపడిన పిండిగిర్ని నుంచి తెచ్చిన బేరింగులు. బల్ల ఒరిగినప్పుడు మళ్లీ పైకి లేపడానికి కడ్డీకి అటు నాలుగు, ఇటు నాలుగు టెన్నిస్ బంతులు కావాలన్నాడు. వాటి కోసం ఇద్దరం భద్రాచలం వెళ్లాం. ఆయన కౌంటరు మీద బంతులు ఒక్కొక్కటే నొక్కి చూస్తుంటే కొట్టతను అడిగాడు, "మనవళ్లకా పెద్దాయనా?"

"కాదు, అల్లునికి" అని నన్ను చూపించాడు. "కాలు మంచిగలేదు. ఇంట్లనె ఆడుకుంటడు."

వాళ్లకు పిల్లల్లేరు. ఆ రోజు నుంచి నేను పేపరాయన్ని కాదు, అల్లుణ్నయ్యాను. "బిడ్డ లేకుండనె అల్లుడొచ్చిండు, కట్నం తిప్పలు దప్పింది" అని నర్సమ్మత్త వారం రోజులు వాడంతా చెప్పుకుని నవ్వింది.

బల్ల మీద సైకిలు ఎక్కించి మొదటిసారి తొక్కిన ఉదయం నాకు బాగా జ్ఞాపకం. సన్నగా వాన పడుతోంది. గోదావరి మీది నుంచి తెల్లటి మంచులాంటిది లేచి ఊళ్లోకి వస్తోంది. కుడికాలు కిందికి పోయేసరికి బల్ల కుడికి ఒదిగింది, ఎడమకాలు పోయేసరికి ఎడమకు. నీళ్ల మీద ఉన్నట్టుంది. మోకాలు అనే ఒక వస్తువు నాకుందన్న సంగతి కాసేపు మరిచిపోయాను. కొమరయ్య మామ మాత్రం గోడకు వీపు ఆనించి, చేతికర్రను గట్టిగా పట్టుకుని, పడిపోతున్నది తానే అన్నట్టు చూస్తున్నాడు.

పది రోజులు అలా గడిచాయి. తర్వాత వానకు చెక్క ఉబ్బి, బల్ల కుడివైపు కిర్రుమనడం మొదలుపెట్టింది. నాకది వినసొంపుగానే ఉండేది. ఆయనకు నిద్ర పట్టలేదని తర్వాత నర్సమ్మత్త చెప్పింది. ఆ సాయంత్రం ఆమె దీపం పెట్టి వచ్చేసరికి ఆయన బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడట. చేతిలో సుత్తి ఉందట. కుడివైపు వెడ్జీలు బిగించాక కిర్రు ఆగింది. మర్నాడు నేను గోనెపట్టా కప్పి ఉన్న బల్లను చూసుకోకుండా ఎక్కాను. అది ఎడమకు మాత్రమే వాలగలదు, తిరిగి రాలేదు.

మోకాలు బూరెలా పొంగింది. డాక్టరు మళ్లీ పది రోజులు కదలొద్దన్నాడు. దసరాకు నెల కూడా లేదు. కొమరయ్య మామ మూడు రోజులు కనబడలేదు. నాలుగో రోజు వచ్చి, ఆ రెండు వెడ్జీలూ నా మంచం మీద పెట్టాడు.

"నా చెయ్యి ఆగలే అల్లుడా. కట్టె మాట్లాడితె బిగియ్యాలె. ముప్పై ఏండ్లు గదే జేసిన, గట్లనె బతికిన. గది ఇరిగే సప్పుడు గాదు, పని జేసే సప్పుడు. రెంటికి తేడా నాకే తెల్వకపాయె."

"పోనీలే మామా, తెలియక చేశావు."

"తెల్వక జేసినా పడ్డది నువ్వే గద" అన్నాడు. ఆ తర్వాత గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "అవి పొయిల పెట్టమని మీ అత్తకియ్యి. నా కాడ ఉంటె మళ్ల కొడత" అన్నాడు.

పది రోజుల తర్వాత బల్ల ఎక్కితే కొత్త చిక్కు వచ్చింది. బల్ల మంచిగానే ఊగుతోంది. నేను ఊగడం లేదు. అది కదిలినప్పుడల్లా నా ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయేది. భయం మోకాల్లో లేదు, ఇంకెక్కడో ఉంది. మళ్లీ వాగు దాటలేనేమో, ఎర్రుపాలెం వెళ్లి పొలం చూసుకోవాలేమో అని ఒక పూట పెడళ్ల మీద కాళ్లు ఆపి కూర్చుండిపోయాను. కొమరయ్య మామ పీట దగ్గరగా లాక్కున్నాడు.

"కండ్లు మూసుకో" అన్నాడు. "నేను దారి జెప్త. నువ్వు తొక్కు. మూల మలిగేకాడ మనిషి ఉత్తగనె వాల్తడు, ఎవ్వడు జెప్పక్కర్లే. ఇగ, సంత దాటినం. తారురోడ్డు ఇడ్సిపెట్టు. కుడికి మలుగు."

నేను కుడికి వాలాను. బల్ల నాతోపాటు వచ్చింది.

ఆ రోజు నుంచి ప్రతి ఉదయం అదే దారి. ఆయన గొంతు తక్కువ స్థాయిలో, ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు సాగేది. సంత దాటాక ఇసుక వాగు, చక్రం కూరుకుపోతుంది, గట్టిగా తొక్కు. వాగు దాటితే ఎడమన ఇప్పచెట్లు వరసగా, పువ్వు రాలే కాలమైతే తల తిరిగే వాసన. ఆ తర్వాత వెదురుపొద, దాని చుట్టూ దారి పాములా మెలికలు తిరుగుతుంది, వాలు, ఇటు వాలు, ఇప్పుడటు. రెండో వాగులో నీళ్లు చీలమండ దాకా, అడుగున గులకరాళ్లు. ఎక్కుడు. ఆ మిట్ట మీద గాలి మారుతుంది, చల్లగా తగులుతుంది, తెలిసిందా? తెలిసేది. వసారా చూరు నుంచి నీళ్లు ధారగా పడుతుంటే, మూసిన కళ్ల వెనక నా మీద ఆకుల నీడలు పోతుండేవి. ఒక్కోసారి నేను తొక్కుతున్నానా, ఆయన మాటే నన్ను మోసుకుపోతోందా తెలిసేది కాదు. చివరికి మూడో వాగు. అది దాటాక దారి రెండుగా చీలుతుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి, "ఇగ సాలు. అరగంటయింది. దిగు" అనేవాడు. ఆయనకు గడియారం లేదు. ఏ రోజూ ఆ చీలిక దాటి ముందుకు పోలేదు.

దసరాకు రెండు రోజుల ముందు నేను నిజం సైకిలు ఎక్కి నిజం వాగు దాటి వెళ్లి, కూలిన చప్టా గురించి వార్త రాసి పంపాను. అందులో ఎవరో చెప్పిన మాట ఒక్కటీ లేదు, అంతా నేను చూసిందే. డెస్కులో పెద్దాయన ఫోన్ చేసి, "కాలు వచ్చినట్టుందే" అన్నారు. ఉద్యోగం నిలబడింది. ఆ రాత చదివి వినిపిస్తే కొమరయ్య మామ తల నిటారుగా పెట్టి విన్నాడు. బల్ల గోడకు నిలబెట్టేశాం. దాని కింద నర్సమ్మత్త కోళ్లు చేరాయి.

చలికాలం వచ్చాక ఒక ఆదివారం, ఎవరికీ చెప్పకుండా ఆయన చెప్పిన దారిలో బయలుదేరాను. ఇసుక వాగు ఉంది. ఇప్పచెట్లు చాలావరకు లేవు, రెండే మిగిలాయి. వెదురుపొద దగ్గర నా ఒళ్లు నాకంటే ముందే వాలింది. ఎక్కుడు మీద గాలి నిజంగానే మారింది. మూడో వాగు దాటాక, చెప్పినట్టే, దారి రెండుగా చీలింది. ఒక కాలు నేల మీద ఆనించి చాలాసేపు నిలబడ్డాను. ఎటు పోవాలో తెలియలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను.

"గా చీలిక దాకా పోయినవా?" కొమరయ్య మామ లేచి నిలబడ్డాడు.

"పోయాను. అక్కడి నుంచి ఎడమకా, కుడికా మామా?"

ఆయన మళ్లీ కూర్చున్నాడు. చేతికర్ర పక్కన పెట్టి చెప్పాడు. "నాకెరుకలే. మా అయ్య అడవిల రంపం కోతకు పోయిండు. మాది ఊరు గాదు, కోతోళ్ల గుడిసెలు. పేరు గూడ లేదు, గుంతకాడ అనేటోళ్లు. సంతకొచ్చి తిరిగి పొయ్యేటప్పుడు అయ్య భుజం మీద కూసునేటోణ్ని. మూడో వాగు దాటంగనె నిద్రపోయేటోణ్ని. ప్రతిసారి గట్లనె. లేస్తె గుడిసెల ఉండేటోణ్ని."

అంతవరకు నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత, "మా అమ్మ ఆడనే సచ్చిపోయింది. ఆడనే పెట్టినం. మరుసటేడు అయ్య నన్ను బొగ్గుబాయికి తోలుకొచ్చిండు" అన్నాడు. సైకిలు వెనక కూర్చోపెట్టుకుని తీసుకుపోతానన్నాను. "కదిలేదాని మీద నేను కూసోను. నువ్వే పొయిరా. నువ్వు జూసిందే జెప్పు."

మరుసటి ఆదివారం వెళ్లాను. ఎడమ దారి ఒక ఊరికి పోయింది, కుడి దారి ఇంకో ఊరికి. రెండూ చిన్న పల్లెలే. రెండు ఊళ్లలోనూ పెద్దవాళ్లు పూడిపోయిన రంపపు గుంత ఒకటి చూపించారు, ఒకరు పైన ఒకరు లోపల నిలబడి దుంగలు కోసేది. రెండు చోట్లా, ఒకప్పుడు ఎక్కడి నుంచో కోతవాళ్లు వచ్చి ఉండేవారని చెప్పారు. ఎవరి పేర్లూ ఎవరికీ తెలియవు. గుంతల కొలతలు, చుట్టూ ఉన్న చెట్లు, మాట్లాడిన మనుషుల వయసు అన్నీ రాసుకున్నాను. సాయంత్రం వసారాలో కూర్చుని పేజీ తర్వాత పేజీ చదివాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"బాయినీళ్లు ఎట్లున్నయ్?"

"ఎడమ ఊళ్లో తాగాను మామా. తియ్యగా ఉన్నాయి."

"అప్పటికి ఎంతసేపయింది తొక్కబట్టి?"

"మూడు గంటలు."

"మూడు గంటలు తొక్కినోనికి ఏ నీళ్లయినా తియ్యగనె ఉంటయ్. రెండో ఊళ్లె?"

ఉన్నది చెప్పేశాను. రెండో ఊళ్లో నీళ్లడిగితే నవ్వి, జీలుగు కల్లు పోశారు. కడుపునిండా తాగి వచ్చాను.

"కల్లు తాగినోనికి ఊరు ఏం ఎరుకైతది అల్లుడా" అన్నాడు. తిట్టలేదు, ఎగతాళీ చేయలేదు. "మా అమ్మ మొకం నాకు యాదికి లేదు. ఆమె తాపిన నీళ్లే యాదికున్నయ్. బెల్లం నాకినట్టుండేటియ్. బాయినీళ్లు ఏ ఊళ్లె తియ్యగుంటె గదే మా ఊరు. గింత రాసుకొచ్చినవ్, గది ఇడ్సిపెట్టొచ్చినవ్."

రెండు ఊళ్ల నుంచీ చెరో సీసాలో నీళ్లు తెచ్చిపెడతానని మాటిచ్చాను. వచ్చే ఆదివారం అన్నాను. ఆ ఆదివారం ఏదో వార్త పడింది. ఆ పై ఆదివారం ఇంకొకటి. ఆయన గుర్తు చేయలేదు. ఎండలు ముదిరాక ఆయన ఊపిరితిత్తులు అడ్డం తిరిగాయి. బొగ్గుదుమ్ము చాలాకాలంగా లోపల ఉన్నదే. తొలకరి పడకముందే పోయాడు. అంత్యక్రియలప్పుడు నర్సమ్మత్త కొడుకు నిలబడవలసిన చోట నన్ను నిలబెట్టింది.

తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, పత్రికలో పెద్ద కుర్చీల్లోనూ కూర్చున్నాను. కొత్తగా వచ్చిన విలేకరులు నేను చెప్పే ఒక మాటకు చాటుగా నవ్వుకుంటారని తెలుసు. ఏ ఊరికి వెళ్లినా నోట్‌బుక్కు తీసేముందు ఎవరింట్లోనైనా నీళ్లడిగి తాగమంటాను. నేనూ అదే చేస్తాను. తాగి, ఎలా ఉన్నాయో ముందు రాసుకుంటాను. ఎందుకో ఎప్పుడూ వివరించలేదు.

ఆయన పోయిన మరుసటి చలికాలం కుడి దారిన ఆ రెండో ఊరికి మళ్లీ వెళ్లాను. ఊరు రోడ్డు పక్కకు తరలిపోయింది. పాతచోట గొడ్లు పడుతున్నాయని బావిని మట్టితో పూడ్చేశారు. కొత్త ఊళ్లో చేతిపంపు నీళ్లు తాగాను, ఉప్పగా ఉన్నాయి. ఆ బావి నీళ్లు ఎలా ఉండేవని అక్కడి ముసలివాళ్లను అడిగాను. ఇద్దరు తియ్యగా ఉండేవన్నారు, ఒకామె చప్పగా ఉండేవంది.